కథలోని ఇంటి నుంచి రచయిత గడప దాకా: కెనడా సాహిత్య స్మారక స్థలాల చరిత్ర

సాహిత్య స్మారక స్థలమంటే రచయిత పుట్టిన ఇల్లు, కూర్చుని రాసిన గది, చివరకు చేరిన సమాధి అన్న అభిప్రాయం లోకంలో స్థిరపడి ఉంది. కెనడాలో ఈ స్థలాల చరిత్ర వేరే దారిన నడిచింది. అక్కడి పాఠకులు మొదట వెతుక్కుంటూ వెళ్లింది నవలల్లోని మనుషులు కాపురమున్నారనుకున్న ఇళ్లను. ఆ రద్దీని చూసి ప్రభుత్వమూ పురపాలక సంఘాలూ ముందుకు రావడం, అసలు రచయితలు బతికిన చోట్లను గుర్తించడం, గుర్తించిన ఇళ్లను కొత్తగా రాసేవారి కోసం తెరవడం తర్వాతి దశలు. 1867లో నాలుగు రాష్ట్రాల సమాఖ్యగా ఏర్పడిన ఆ దేశానికి బ్రిటన్, ఫ్రాన్స్, అమెరికాల నీడ సోకని సొంత సాహిత్యం ఉన్నదా అన్న సందేహం 20వ శతాబ్దం సగం గడిచేదాకా తీరలేదు కాబట్టి, అధికారిక స్మరణలో రచయితకు చోటు ఆలస్యంగా దక్కింది. ఏ స్థలాన్ని జాతీయ వారసత్వంగా ప్రకటించాలో సలహా చెప్పేందుకు 1919లో ఏర్పడిన చారిత్రక స్థలాల, స్మారకాల బోర్డు కూడా తొలి దశాబ్దాల్లో కోటలను, యుద్ధభూములను, బొచ్చు తోళ్ల వ్యాపారం సాగిన స్థావరాలను పట్టించుకున్నంతగా పుస్తకాలను పట్టించుకోలేదు.

ఈ చరిత్రలో అన్నింటికన్నా ముందు చెప్పుకోవలసిన ఇల్లు తూర్పు తీరాన ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపంలోని కావెండిష్ గ్రామంలో ఉంది. లూసీ మాడ్ మాంట్‌గోమరీ 1874లో ఆ ద్వీపంలోనే పుట్టి, రెండేళ్లు నిండకముందే తల్లిని పోగొట్టుకుని, కావెండిష్‌లో అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగింది. వంటింట్లోనే ఊరి తపాలా కార్యాలయం నడిచే ఆ ఇంట్లో కూర్చుని ఆమె రాసిన 'యాన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' నవల 1908లో బోస్టన్ నగరంలో అచ్చయింది. అబ్బాయి కావాలని కబురు పెట్టిన అన్నాచెల్లెళ్ల ఇంటికి పొరపాటున వచ్చిపడిన ఎర్రజుట్టు అనాథ బాలిక కథ అది. గేబుల్ అంటే రెండు వాలుల కప్పు చివర, గోడ పైభాగాన ఏర్పడే ముక్కోణం. ఆకుపచ్చ రంగు వేసిన అటువంటి ముక్కోణాలున్న ఇల్లు కథానాయిక నివాసం. దానికి నమూనాగా మాంట్‌గోమరీ తీసుకున్నది తాతగారి దాయాదులైన డేవిడ్, మార్గరెట్ మాక్‌నీల్‌ల పొలంలోని ఇల్లు. ఆమె ఆ ఇంట్లో ఎన్నడూ నివసించలేదు.

నవల వెలువడిన కొద్ది కాలానికే పాఠకులు ఆ ద్వీపానికి రావడం మొదలైంది. 1930ల మధ్యలో కేంద్ర ప్రభుత్వం ఆ పొలాన్ని సేకరించి, 1937లో ఏర్పరచిన ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీప జాతీయోద్యానంలో కలిపింది. ఉద్యానమన్నాక గోల్ఫ్ మైదానం ఉండాలన్నది ఆనాటి అధికారుల ఆలోచన కాబట్టి, స్టాన్లీ థాంప్సన్ రూపకల్పనలో ఆ ఇంటి పక్కనే ఒక మైదానం కూడా 1939లో సిద్ధమైంది. ఇంటిలోపల మేడ మీది గదిలో గోధుమరంగు బుట్టచేతుల గౌను ఒకటి వేలాడుతూ ఉంటుంది. నవలలో యాన్ ఎంతగానో కోరుకుని, క్రిస్మస్ కానుకగా అందుకున్న గౌను అది. పుట్టనే పుట్టని పిల్ల బట్టలను జాతీయ ప్రభుత్వం భద్రపరచి చూపడమన్నది సాహిత్యానికి ఒక దేశం చేయగల గౌరవాల్లో అరుదైనదే. అదే సమయంలో, నవల నిజంగా రాసిన తాతగారి ఇంటికి పట్టిన గతి వేరు. అమ్మమ్మ 1911లో చనిపోవడంతో మాంట్‌గోమరీ పెళ్లి చేసుకుని ఒంటారియోకు తరలిపోగా, ఖాళీగా మిగిలిన ఆ ఇంటిని 1920 ప్రాంతంలో మేనమామ పడగొట్టించాడు. వచ్చేపోయే సందర్శకులతో విసిగిపోయి ఆ పని చేశాడని చెబుతారు. పునాది రాళ్లు మాత్రం మిగిలాయి. ఆ కుటుంబపు తర్వాతి తరంవారు 1980లలో మొక్కలూ పొదలూ కొట్టించి, పునాదిని శుభ్రం చేసి, ఆ చోటును జనానికి చూపించడం ప్రారంభించారు. 1942లో టొరంటోలో కన్నుమూసిన రచయిత్రి భౌతికకాయాన్ని కావెండిష్‌కు తెచ్చి, అంత్యక్రియలకు ముందు గ్రీన్ గేబుల్స్ ఇంట్లోనే ఉంచారు. బతికి ఉండగా తనది కాని ఇల్లు మరణానంతరం ఆమెదైంది.

ఈ స్థలానికి వచ్చిన కీర్తిలో జపాన్ పాఠకుల పాత్ర చిన్నది కాదు. కెనడా మిషనరీ స్నేహితురాలు చేతికిచ్చి వెళ్లిన నవలను హనాకో మురావోకా యుద్ధకాలంలో గుట్టుగా అనువదించగా, అది 1952లో వెలువడి అక్కడి తరతరాల బాలికలకు ఇష్టమైన పుస్తకమైంది. దూరదేశం నుంచి ఆ ద్వీపానికి కేవలం ఒక ఇంటిని చూడడానికి వచ్చేవారి వరుస అలా మొదలైంది. ఇంత రద్దీ మధ్య ఒంటారియోలోని లీస్క్‌డేల్ నివాసం దాదాపు మరుగునపడింది. చర్చి పాస్టరైన భర్తకు ఇచ్చిన ఆ ఇంట్లో మాంట్‌గోమరీ 1911 నుంచి 1926 వరకు ఉండి తన పుస్తకాల్లో సగాన్ని రాసింది. ఆమె శ్రమను అర్థం చేసుకోవాలనుకునేవారు చూడవలసిన ఇల్లు నిజానికి అదే.

కావెండిష్‌లో ఇంగ్లీషు పాఠకులు చేసినదే ఫ్రెంచి మాట్లాడే క్యూబెక్‌లో పెరిబోంకా గ్రామం విషయంలోనూ జరిగింది. ఫ్రాన్సులో పుట్టి 1911లో కెనడా చేరిన లూయీ ఎమోన్, మరుసటి ఏడాది ఆ గ్రామంలో సామ్యుయెల్ బెదార్ అనే రైతు దగ్గర కూలికి కుదిరి, అడవి నరికి సాగుభూమిగా మార్చుకునే కుటుంబాల బతుకును దగ్గర నుంచి చూశాడు. 'మరియా షాప్‌డ్‌లేన్' నవలను పారిస్‌కు పంపిన కొద్దికాలానికే, 1913 జూలైలో, ఒంటారియోలోని షాప్లో వద్ద రైలు కింద పడి చనిపోయాడు. తన పుస్తకాన్ని అచ్చులో చూసుకోలేదు. 1914లో పారిస్ పత్రికలో ధారావాహికగా, 1916లో మాంట్రియల్‌లో పుస్తకంగా వచ్చిన ఆ నవల 1921 నాటి పారిస్ ముద్రణతో దేశదేశాలకు చేరింది. వెంటనే పాఠకులు మరియాను వెతుక్కుంటూ పెరిబోంకాకు వచ్చారు. రైతు భార్య చెల్లెలు ఎవా బూషార్‌లో వారికి మరియా దొరికింది. నవలలోని అమ్మాయి తానేనన్న ప్రచారం మధ్యనే ఆమె జీవితంలో ఎక్కువ భాగం గడిపి, బెదార్ ఇంటికి వచ్చినవారిని ఆహ్వానించి, 1930లు ముగిసేలోగా దాన్ని ప్రదర్శనశాలగా తీర్చిదిద్దింది. కథలోని పాత్ర ఒక బతికున్న మనిషి మీద ఇంత బరువు మోపడం గురించి సాహిత్య చరిత్రలు తగినంతగా రాయలేదు.

వాయవ్యాన యూకాన్ ప్రాంతంలోని డాసన్ పట్టణానికి వస్తే, కల్పనకూ యథార్థానికీ మధ్య దూరం మరోలా కనిపిస్తుంది. 1896లో బంగారం బయటపడి జనం పోటెత్తిన ఆ పట్టణం గురించి అందరికన్నా పేరుపొందిన పద్యాలు రాసిన రాబర్ట్ సర్వీస్ బంగారం కోసం వచ్చినవాడు కాడు. ఆయన బ్యాంకు గుమాస్తా. వైట్‌హార్స్ శాఖలో పనిచేస్తూ, తాను కళ్లారా చూడని వేటను ఇతరుల నోట విని రాసిన పద్యాలు 1907లో అచ్చయ్యాక, 1908లో బదిలీ మీద డాసన్ చేరాడు. అప్పటికి వేలం వెర్రి ముగిసి పదేళ్లు కావస్తోంది. మరుసటి ఏడు ఉద్యోగం మానేసి, దుంగలతో కట్టిన చిన్న ఇంటిని అద్దెకు తీసుకుని 1912 వరకు అక్కడ రాసుకున్నాడు. ఆ దుంగల ఇల్లు ఇప్పుడు జాతీయ ఉద్యానాల శాఖ సంరక్షణలో ఉంది. ఆయనకన్నా ముందు, 1897లో వచ్చి ఒక్క శీతాకాలం గడిపి, స్కర్వీ జబ్బుతో తిరిగిపోయిన జాక్ లండన్ ఉన్నదని భావించే గుడిసె 1960లలో అడవిలో దొరికినప్పుడు, దాని దుంగలను పంచుకుని రెండు గుడిసెలు కట్టారు: ఒకటి డాసన్‌లో, మరొకటి రచయిత సొంతూరైన కాలిఫోర్నియాలోని ఓక్లండ్‌లో. రెండింటిలోనూ సగం దుంగలు పాతవి, సగం కొత్తవి.

పైవాటన్నింటికీ భిన్నంగా, ఇంటిని చూస్తేనే రచయిత్రి అర్థమయ్యే చోటు ఒంటారియోలో గ్రాండ్ నది ఒడ్డునున్న చీఫ్స్‌వుడ్. మొహాక్ తెగ నాయకుడు జార్జ్ జాన్సన్ తాను పెళ్లాడబోయే ఇంగ్లీషు వనిత కోసం 1850లలో కట్టించిన ఈ రెండంతస్తుల ఇల్లు 'సిక్స్ నేషన్స్' రిజర్వులో, అంటే ఆరు మూలవాసి జాతుల సమాఖ్యకు కేటాయించిన భూమిలో ఉంది. ఇంటికి ఒకేరకమైన ముఖద్వారాలు రెండు: ఒకటి పడవల్లో వచ్చే బంధువుల కోసం నది వైపు, రెండోది బగ్గీల్లో వచ్చే తెల్లవారి కోసం రోడ్డు వైపు. వెనుకవైపు అంటూ ఏ అతిథికీ లేదు. 1861లో అక్కడ పుట్టిన పౌలీన్ జాన్సన్, తెకాహియోన్‌వేక్ అన్న ముత్తాత పేరును కూడా ధరించి, దేశమంతా తిరిగి వేదికల మీద స్వీయ కవితలు వినిపించేటప్పుడు కార్యక్రమంలో మొదటి సగం జింకతోలు దుస్తుల్లోనూ రెండో సగం ఐరోపా తరహా గౌనులోనూ కనిపించేది. 1913లో చనిపోయిన ఆమె చితాభస్మాన్ని కోరిక మేరకు వాంకూవర్ స్టాన్లీ పార్కులో పూడ్చిపెట్టగా, 1922లో అక్కడ రాతి స్మారకం వెలిసింది; చీఫ్స్‌వుడ్‌కు జాతీయ చారిత్రక స్థలమన్న గుర్తింపు 1953లో వచ్చింది.

శతాబ్దం మధ్యకు వచ్చేసరికి చిన్న పట్టణాలు తమను కథల్లో గుర్తుపట్టుకోవడం మొదలుపెట్టాయి. ఒరిలియా మీద స్టీఫెన్ లీకాక్ 1912లో 'సన్‌షైన్ స్కెచెస్ ఆఫ్ ఎ లిటిల్ టౌన్' రాస్తూ ఊరి పేరును మరిపోసాగా మార్చినా, స్థానికులు తమ మంగలినీ హోటలు యజమానినీ సులువుగానే పోల్చుకున్నారు. ఆయన 1944లో మరణించాక పాడుబడిన సరస్సు ఒడ్డు ఇంటిని 1957లో ఆ పట్టణమే కొని మరుసటి ఏడు ప్రదర్శనశాలగా తెరిచింది. మానిటోబాలోని నీపావా, మార్గరెట్ లారెన్స్ నవలల్లో మనవాకాగా మారింది. అక్కడి శ్మశానంలో ఒక కుటుంబ సమాధి మీద నిలిచిన దేవదూత శిల్పమే ఆమె 1964 నాటి 'ది స్టోన్ ఏంజెల్'కు పేరిచ్చిందని ఊరు నమ్ముతుంది, ఆమె చితాభస్మం కూడా అదే శ్మశానంలో ఉంది. నోబెల్ గ్రహీత ఆలిస్ మన్రో పేరిట వింగమ్‌లో 2002లో తోట వెలిసింది కానీ, 2024లో ఆమె మరణించిన రెండు నెలలకు, సవతి తండ్రి తనపై చేసిన లైంగిక అత్యాచారం గురించి తెలిసినా తల్లి అతనితోనే ఉండిపోయిందని చిన్న కుమార్తె బహిరంగంగా రాయడంతో, అటువంటి గౌరవ చిహ్నాలను ఎలా చూడాలన్న ప్రశ్న ఆ దేశ సాహిత్యలోకాన్ని కుదిపింది. రచనను నిలుపుకుంటూనే ఆ బాధను దాచని స్మరణ ఏదో ఇంకా తేలవలసి ఉంది.

పెద్ద నగరాల్లో ఇదే పని తగాదాల మధ్య సాగింది. క్యూబెక్ జాతీయవాదాన్ని ఘాటుగా విమర్శించిన మొర్డెకాయ్ రిష్లర్ 2001లో మరణించాక, ఆయన పేరు పెట్టదలచిన మాంట్రియల్ కొండ మీది మండపానికి మరమ్మతులు పూర్తయ్యేసరికి 2016 వచ్చింది. విన్నిపెగ్‌లోని సేంట్ బోనిఫేస్‌లో గబ్రియెల్ రువా పుట్టిన ఇల్లు మాత్రం, తాను పెరిగిన వీధి పేరునే ఆమె 1955లో ఒక పుస్తకానికి పెట్టిన కారణంగా, 2003లో ప్రదర్శనశాలగా తెరుచుకోకముందే పాఠకులకు చిరునామాతో సహా తెలుసు.

ఇంటిని అద్దాల వెనుక వస్తువుల గదిగా మార్చడం కన్నా, అందులో మరొకరు రాసుకునే ఏర్పాటు మేలన్న ఆలోచన 1990ల నుంచి బలపడింది. డాసన్‌లో చరిత్ర రచయిత పియర్ బర్టన్ బాల్యం గడిపిన ఇల్లు 1996 నుంచి రచయితలకు వంతులవారీ నివాసమైంది. ఒంటారియోలోని రాబ్లిన్ సరస్సు దగ్గర 1957లో కవి అల్ పర్డీ, ఆయన భార్య యూరితీ పడగొట్టిన భవనాల కలపను తెచ్చి స్వయంగా కట్టుకున్న ముక్కోణపు ఇల్లు కూడా అభిమానుల సంఘం చొరవతో 2014 నుంచి అదే బాట పట్టింది. వీటన్నింటిలో చారిత్రకంగా బరువైనది వాంకూవర్‌లోని జాయ్ కొగావా ఇల్లు. 1942లో ప్రభుత్వం పసిఫిక్ తీరం నుంచి సుమారు 22,000 మంది జపాన్ సంతతి కెనడియన్లను లోపలి ప్రాంతాలకు తరలించి, వారి ఇళ్లనూ పడవలనూ స్వాధీనం చేసుకుని అమ్మేసింది. ఆరేళ్ల కొగావా కుటుంబం పోగొట్టుకున్న ఇల్లు అందులో ఒకటి. ఆ నిర్బంధాన్ని ఇతివృత్తంగా తీసుకున్న ఆమె నవల 'ఒబాసాన్' 1981లో వచ్చింది, 1988లో ప్రభుత్వం క్షమాపణ చెప్పి బాధితులకు పరిహారం ఇచ్చింది, ఇంటికి మాత్రం కూల్చివేత ముప్పు వచ్చిపడింది. విరాళాలు పోగుచేసి ఒక భూసంరక్షణ సంస్థ 2006లో దాన్ని కొన్నది. 2009 నుంచి అక్కడ రచయితలు ఉండి పనిచేసుకుంటున్నారు. రాజ్యం లాక్కున్న ఇంటిని పాఠకులు తిరిగి సంపాదించడం ఈ చరిత్రలోకెల్లా గొప్ప ఘట్టం.

అదే 2009లో మొదలైన మరో ప్రయత్నం స్మారకాన్ని ఇంటి నుంచి బయటికి తెచ్చింది. రచయిత్రి మిరాండా హిల్ స్థాపించిన 'ప్రాజెక్ట్ బుక్‌మార్క్' సంస్థ, నవలలోనో కవితలోనో ఒక దృశ్యం సరిగ్గా ఏ చోట జరుగుతుందో ఆ చోటనే ఆ భాగాన్ని ఫలకం మీద అచ్చువేసి నిలుపుతుంది. తొలి ఫలకం టొరంటోలోని బ్లూర్ వీధి వంతెన దగ్గర వెలిసింది. శ్రీలంకలో పుట్టి 1962లో కెనడాకు వచ్చిన మైకేల్ ఒండాచీ 1987 నాటి నవలలో, నిర్మాణంలో ఉన్న ఆ వంతెన మీది నుంచి గాలికి కొట్టుకుపోయిన సన్యాసినిని వేలాడుతూ పనిచేసే మాసిడోనియా కూలీ పట్టుకుంటాడు. 1918లో తెరిచిన ఆ వంతెనను కట్టిన వలస కార్మికుల పేర్లు పురపాలక దస్త్రాల్లో దొరకకపోయినా, వారి పని ఎలా సాగిందో దారిన పోయేవారు నిలబడి చదువుకునే వీలు కలిగింది.

కథ మనిషిని కప్పేసిన అతి పాత ఉదాహరణ అన్నింటికన్నా ఆలస్యంగా సరిదిద్దబడింది. మేరీలండ్‌లో బానిసగా పుట్టిన జొసాయా హెన్సన్ 1830లో భార్యాబిడ్డలతో కెనడాకు తప్పించుకు వచ్చి, ఒంటారియోలోని డ్రెస్‌డెన్ వద్ద 1841లో విముక్తుల కోసం డాన్ అనే ఊరిని నిలపడంలో ముందున్నాడు. అక్కడ చదువుతో పాటు పని నేర్పే బడి, రంపపు మిల్లు నడిచాయి, అక్కడి వాల్‌నట్ పలకలను ఆయన 1851 నాటి లండన్ మహాప్రదర్శనకు తీసుకెళ్లాడు. 1849లో అచ్చయిన ఆయన ఆత్మకథను హారియెట్ బీచర్ స్టో తన 1852 నవల 'అంకుల్ టామ్స్ కేబిన్'కు ఆధారాల్లో ఒకటిగా పేర్కొనడంతో, హెన్సన్ ఇల్లు టామ్ ఇల్లుగా పేరుమోసింది. కాలక్రమేణా టామ్ అన్న మాట నల్లజాతివారిని కించపరిచే తిట్టుగా మారినా, ఆ ఇంటి ముందు అదే పేరు దశాబ్దాల పాటు కొనసాగింది. 2022లో దాన్ని తొలగించి, ఆ స్థలానికి 'జొసాయా హెన్సన్ ఆఫ్రికన్ కెనడియన్ చరిత్ర ప్రదర్శనశాల' అని పేరు పెట్టారు.