మోరిస్ మైనర్, మెలితిరిగే కడ్డీ

పాత కారు ఒక పక్కకి ఒరిగితే చాలు, "ముందు స్ప్రింగులు అలిసిపోయాయి, మార్చెయ్" అంటారు అందరూ. నా 1959 మోరిస్ మైనర్‌కీ అదే తీర్పొచ్చింది. తమాషా ఏంటంటే, దాని ముందు చక్రాల దగ్గర ఎంత వెదికినా చుట్టల స్ప్రింగు కనబడదు. కారు కింద పొడుగ్గా పడుకున్న రెండు ఉక్కు కడ్డీలే స్ప్రింగులు. వీటిని టార్షన్ బార్‌లంటారు. వెనక కొస ఛాసిస్‌కి బిగించి ఉంటుంది, ముందు కొస చక్రం చేతికి. చక్రం పైకి లేస్తే కడ్డీ తడిబట్ట పిండినట్టు మెలి తిరుగుతుంది, మళ్ళీ విప్పుకుంటుంది.

1931లో ఫెర్డినాండ్ పోర్షే పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. 1934లో సిట్రొయెన్ ట్రాక్షన్ అవాంట్‌లో వచ్చింది. ఆ కారంటే అలెక్ ఇసిగోనిస్‌కి మహా ఇష్టం. ఆయన 1906లో స్మిర్నాలో (ఇప్పటి ఇజ్మీర్) పుట్టి, 1922లో యుద్ధం వల్ల ఊరొదిలి, ఆపైన ఇంగ్లండ్ చేరినవాడు. బాటర్‌సీ పాలిటెక్నిక్‌లో లెక్కల పరీక్ష మూడుసార్లు తప్పాడు కూడా (మనలో కొందరికి ఊరట!). ఆయన గీసిన మైనర్ 1948లో లండన్ ఎర్ల్స్ కోర్ట్ ప్రదర్శనలో బయటికొచ్చింది. చివరి నిమిషంలో కారు సన్నగా ఉందనిపించి, నమూనాని నిలువునా కోసి నాలుగంగుళాలు వెడల్పు చేయించాడు. 1971లో ఆపేసేలోగా పదహారు లక్షలకి పైగా తయారయ్యాయి.

ఇక అలసట సంగతి. కుంగిన స్ప్రింగు మెత్తబడిందనుకుంటాం. కాదు. దాని గట్టిదనం ఉక్కు గుణం మీద, కడ్డీ పొడవు మీద, మందం మీద ఆధారపడుతుంది. యాభై అరవయ్యేళ్ళ బరువుకి మారేది అవి కావు, బరువు లేనప్పుడు కడ్డీ నిలిచే కోణం. మన భాషలో చెప్పాలంటే స్లోప్ అదే, ఆఫ్‌సెట్ మారింది. చుట్టల స్ప్రింగైతే మార్చాల్సిందే. కడ్డీకి ఆ అవసరం లేదు. కొసల్లో పళ్ళుంటాయి కాబట్టి వెనక లీవర్ని ఊడదీసి ఒక పన్ను జరిపి ఎక్కిస్తే ఎత్తు తిరిగొస్తుంది. తుప్పు గుంటలు పడితే మాత్రం దయ తలచకూడదు. మెలిక ఒత్తిడంతా పైపొర మీదే కనక పగులు అక్కణ్ణించే మొదలవుతుంది.

మన అంబాసిడర్‌కీ ముందు ఇవే కడ్డీలు. అదీ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానమే కదా. 2014లో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగింది గానీ ఈ పని తెలిసిన చేతులు విజయవాడ ఆటోనగర్‌లో ఇంకా ఉన్నాయి. అక్కడ ఓ పెద్ద మేస్త్రి ఫోన్లో చెప్పిన మొదటి మాట: "విప్పేముందు కుడీ ఎడమా సుద్దతో రాసుకో బాబూ, తారుమారు కాకూడదు." నిజమే. కడ్డీని ఫ్యాక్టరీలో ఒక దిక్కుకే మెలిపెట్టి అలవాటు చేస్తారు. రెండో వైపు బిగిస్తే ఎదురు దిక్కున తిరిగి తొందరగా కుంగుతుంది, విరిగినా విరుగుతుంది.

మైనర్ యజమానులు స్ప్రింగుల మీద పెట్టే శ్రద్ధలో సగం ట్రనియన్‌ల మీద పెడితే బావుండు. చక్రాన్ని అటూ ఇటూ తిరగనిచ్చే మరలున్న ముక్క అది. గ్రీజు అందకపోతే మరలు అరిగి ఓ రోజు పట్టు వదిలేస్తాయి. చక్రం మడతపడి మడ్‌గార్డు కిందకి పోతుంది. కారు ఎంత నిటారుగా నిలబడ్డా దీన్ని ఆపలేదు. అందుకే పాత కడ్డీలే ఉంచేశాను, కొత్త స్ప్రింగుల డబ్బుతో ట్రనియన్‌లు రెండూ కొన్నాను. కుడి వైపుది ఇప్పటికే చేత్తో కదిపితే టకటకమంటోంది.