నల్లరేగడిలో ముద్దబంతి

అమరావతి స్తూపం చుట్టూ ఒకప్పుడు నిలిచిన రాతి ప్రాకారం పైవరసలో ఒక పూలదండ చెక్కి ఉంటుంది. మెడలో వేసుకునేంత దండ కాదది. ఒంపులు తిరుగుతూ రాయి వెంట రాయి సాగిపోతుంటే మనుషులు దాన్ని భుజాలకెత్తుకుని మోస్తుంటారు. 1845లో బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి తీసిన రాళ్ళలో కొన్ని చెన్నైలో ఆగాయి, చాలావరకు లండన్ చేరి బ్రిటిష్ మ్యూజియంలో స్థిరపడ్డాయి. శాతవాహనుల నాటి ఆ శిల్పి ఏ దండను చూసి దీన్ని మలిచాడోగానీ, బంతిపూల దండను చూసి మాత్రం కాదు. అప్పటికి కృష్ణకు ఈ ఒడ్డునా ఆ ఒడ్డునా బంతి మొక్క లేదు. మిరప మొక్కా లేదు. రెండిటి పుట్టిల్లూ మెక్సికోయే. కొలంబస్ 1492లో దారి తెరిచాకే అవి సముద్రాలు దాటాయి.

గుంటూరు మిరపకాయ విదేశీయురాలంటే ఈ రోజుల్లో ఎవరూ ఆశ్చర్యపోరు, బడిపుస్తకాల్లోనే ఉంది. బంతి సంగతి చెబితే మాత్రం మా వైపు పెద్దవాళ్ళు ఒప్పుకోరు. బంతిపూల తోరణం లేని దసరా ఎక్కడిది, ముద్దబంతి లేని సంక్రాంతి ఏ ఊళ్ళో జరిగింది అని ఎదురడుగుతారు. మెక్సికోలో అదే పూవును నవంబరు మొదట్లో చనిపోయినవాళ్ళ పండుగకు సమాధుల మీద పరుస్తారని చెబితే ఆ సంభాషణ అక్కడితో సరి.

బంతి రాకముందు ఈ సీమకు పూలు కరువని కాదు. కొండవీటిని 1386 నుంచి 1402 దాకా ఏలిన కుమారగిరి రెడ్డికి వసంతోత్సవాల మోజుతోనే కర్పూర వసంతరాయలన్న బిరుదు వచ్చింది. ఆ ఉత్సవాలకు సుగంధద్రవ్యాలు సరఫరా చేసిన అవచి తిప్పయ్య సెట్టికే శ్రీనాథుడు 'హరవిలాసం' అంకితమిచ్చాడు. పూలకూ పరిమళాలకూ అంత గిరాకీ ఉన్న కాలమది. 1443లో విజయనగరం చూసిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, ఈ జనం గులాబీలు లేకుండా బతకలేరన్నట్టు రాశాడు. మల్లె, సన్నజాజి, సంపెంగ, మొగలి, పారిజాతం, నందివర్ధనం, కనకాంబరం మన నేలకు పాతకాపులే. పోర్చుగీసువాళ్ళు గోవా పట్టింది 1510లో, శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని గెలిచింది 1515లో. మిరపా బంతీ ఈ దేశంలో అడుగుపెట్టడం ఆ తర్వాతి కథ.

ఒక్క బంతితో ఆగలేదు. సాయంత్రం నాలుగు దాటాక విచ్చుకునే చంద్రకాంత కూడా అమెరికా ఖండం నుంచే వచ్చింది. గుళ్ళ దగ్గర కనిపించే దేవగన్నేరు, శివుడికి పెట్టే పచ్చగన్నేరు, రెండూ అమెరికా ఖండం మొక్కలే. గోడ మీదికి ఎగబాకే కాగితంపూలు బ్రెజిల్‌వి. బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది. చేమంతి చైనాది. 1781 నుంచి సామర్లకోటలో తోట పెంచిన విలియం రాక్స్‌బర్గ్, కోరమాండల్ తీరపు మొక్కల మీద 1795 నుంచి అచ్చువేయించిన గ్రంథంలోనూ, ఆ తర్వాతి రచనల్లోనూ మొక్కలకు తెలుగు పేర్లు కూడా జతచేశాడు. దొరగారికి ఆ పేర్లు చెప్పినవాళ్ళ పేర్లు మాత్రం ఎక్కడా అచ్చు కాలేదు.

పరాయి మొక్క పెరటి మొక్క కావాలంటే భక్తి ఒక్కటే చాలదు, వానను తట్టుకోవాలి. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో ఏడాదికి కురిసేది 800, 900 మిల్లీమీటర్ల మధ్య. కోనసీమతో పోలిస్తే ఇది వాన కిందికే రాదు. కానీ ప్రకాశంలో నైరుతి ఎంత ఇస్తుందో ఈశాన్యమూ ఇంచుమించు అంతే ఇస్తుంది. అందులోనూ అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం పట్టిందంటే నాలుగు రోజుల్లో నెల వాన కురిసిపోతుంది. కింద చూస్తే నల్లరేగడి. ఎండాకాలం చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చే ఆ మట్టి తడిసిందంటే ఉబ్బి మూసుకుపోతుంది, నీళ్ళు కిందికి దిగనివ్వదు. వేళ్ళకు గాలి ఆడక మొక్క ఉక్కిరిబిక్కిరవుతుంది. చుట్టూ నీళ్ళున్నా ఆకు వాడినట్టు వేలాడుతుంది. వాడింది కదా అని ఇంకో చెంబుడు పోసేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

అందుకే ఈ ఊళ్ళలో పాత ఇళ్ళ పూలమొక్కలు ఎక్కడ పడితే అక్కడ కనిపించవు. తులసికోట చుట్టూ, బావి గట్టు మీద, ఇంటి కోసం మెరక చేసిన చోట, పెంటదిబ్బ అంచున, ఇలా నేల నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉన్నచోటే ఉంటాయి. తోట ఎలా పెట్టాలో ఎవరూ గీసివ్వలేదు. పల్లంలో వేసినవి ముసుర్లలో పోగా, మెరక మీదివి మిగిలాయి.

ఏ పూవు మిగలాలో కూడా వానే తేల్చింది. ముద్దబంతిని ముసురు పట్టిన మర్నాడు కోసి చూడండి. పైకి బంగారంలా ఉంటుంది. వేలితో రేకులు విడదీస్తే లోపల నీళ్ళు నిలిచి, అడుగున గోధుమరంగు తిరిగి, మెత్తబడి, వాసన వేస్తుంటుంది. గుత్తంగా ఉన్నందువల్లే చేటు. బరువుకు కాడ కూడా విరుగుతుంది. పక్కనే ఉన్న రెక్కబంతి, కారబంతి నీటిని దులిపేసుకుని నిలబడతాయి. అందుకే దండకు ముద్దబంతి, విత్తనానికి రెక్కబంతి అని ఇంట్లో ఆడవాళ్ళు రెండూ ఉంచుకునేవాళ్ళు. గుమ్మానికి కట్టిన తోరణం ఎండితే పారేసేవాళ్ళు కాదు. గుడ్డలో మూటగట్టి చూరులో దోపితే, తొలకరికి ఆ ఎండుపూలను నలిపి నారు పోసుకునేవాళ్ళు. ఒక చివర నలుపు, ఇంకో చివర తెల్లటి కుచ్చుతో సూదుల్లా ఉండే విత్తనం అది.

కనకాంబరానికి ఆ శ్రమ కూడా లేదు. దాని ఎండుకాయ మీద వాన చినుకు పడితే చాలు, టప్పున పేలి గింజ దూరంగా ఎగురుతుంది. తడి నేల మీద పడ్డ గింజ మొలవడానికి అంతకంటే మంచి అదను ఏముంటుంది? బజార్లో మూరల లెక్కన దొరికే ఢిల్లీ కనకాంబరానికి ఈ విద్య లేదు, దానికి గింజ కట్టదు. కొమ్మ నాటాల్సిందే. చంద్రకాంతది వేరే ఉపాయం. మొక్క ఎండిపోయినా నేలలో దుంప బతికే ఉంటుంది, వానకు చిగురిస్తుంది. ఒకే మొక్కకు పసుపు, గులాబీ, రెండూ కలిసిన చారల పూలు పూయడం పిల్లలకు వింత. జర్మనీలో కార్ల్ కొరెన్స్‌కూ వింతగానే తోచినట్టుంది, వంశపారంపర్య లక్షణాల మీద ఆయన పరిశోధనల్లో ఈ చంద్రకాంత ఒక ముఖ్య పాత్ర. బిళ్ళగన్నేరు ఎండకు మొండి, నిలవ నీటికి మాత్రం రెండు రోజుల్లో తల వాల్చేస్తుంది. మల్లె వాన జోలికే రాదు. చలికాలం చివర కొమ్మలు కత్తిరించి, నీళ్ళు ఆపి, మళ్ళీ కట్టి, ఎండాకాలమంతా పూలు కోసుకోవడమే దాని పద్ధతి.

చేమంతికి గడియారం తెలుసు. పగలు పొట్టి అయితే తప్ప మొగ్గ వేయదు. వేసవి చివర పిలకలు విడదీసి నాటితే, వానలన్నీ ఆకుతోనే గడిపి, కార్తీకం దాటాక పూతకొస్తుంది. డిసెంబరాలు పేరులోనే నెల పెట్టుకున్నాయి. బంతికి ఈ నియమం అంత గట్టిగా లేదు, నాటిన రెండు నెలలకు పూస్తుంది. అందుకే మనిషి లెక్క వేయాల్సి వస్తుంది. దసరాకు కావాలంటే వానల్లోనే పెంచాలి. సంక్రాంతికి కావాలంటే అక్టోబరులో నారు పోసి, తుపానుల నెలలో నాటాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. సంక్రాంతికి నలభై రోజులుంది. నీట మునిగిన చేనులో అప్పుడు కొత్తగా బంతి వేద్దామన్నా పండుగకు పూవు అందదు.

పెరట్లో ఉన్న బంతి చేనులోకి వెళ్ళింది మాత్రం భక్తితో కాదు, బాధతో. 1987-88లో ఈ రెండు జిల్లాల పత్తి కుప్పకూలింది. తెల్లదోమ ఒకవైపు, శనగపచ్చ పురుగు ఒకవైపు. అప్పటికి కొన్నేళ్ళుగా సింథటిక్ పైరిత్రాయిడ్లను ఎడాపెడా కొట్టడంతో పురుగు వాటికి అలవాటు పడిపోయింది. అప్పులపాలైన రైతులు అదే మందు తాగి చనిపోవడం మొదలైంది ఆ సీజనులోనే. ఈ పైరిత్రాయిడ్లకు మూలరూపం చేమంతి కుటుంబానికే చెందిన ఒక తెల్లపూవులోని విషం. పూవులో ఉన్నప్పుడు అది ఎండకు త్వరగా విరిగిపోయేది. ఫ్యాక్టరీలో దాన్ని ఎండకు నిలిచేలా తయారుచేశారు. ఆ నిలవే కొంప ముంచింది.

తర్వాత గుంటూరు దగ్గరి లాం ఫారం పరిశోధనా కేంద్రం శాస్త్రవేత్తలూ వ్యవసాయ అధికారులూ సమగ్ర సస్యరక్షణ పేరుతో చెప్పిన మాటల్లో ఎర పంట ఒకటి. లద్దె పురుగుకు ఆముదం, శనగపచ్చ పురుగుకు బంతి. తల్లి రెక్కలపురుగు గుడ్లు పెట్టడానికి పత్తి మొగ్గ కన్నా బంతి మొగ్గను ఇష్టపడుతుంది. బంతి వేళ్ళ నుంచి ఊరే పదార్థం నులిపురుగులకు విషం కాబట్టి మిరప మళ్ళలోనూ దానికి చోటు దొరికింది. మెక్సికో నుంచి వచ్చిన ఇద్దరూ మళ్ళీ పక్కపక్కన నిలబడ్డారు.

ఇదేదో మంత్రదండమని నేను అనను. 2021 చివర గుంటూరు మిరపను ఊడ్చేసిన నల్ల తామర పురుగు పూతలోనే కాపురం పెడుతుంది, చుట్టుపక్కల పూలమొక్కల్లోకీ చేరుతుంది. దాని ముందు బంతి ఎర పారదు. పెరటి మందారం మీద నిశ్చింతగా బతికే పిండినల్లి పత్తికీ పడుతుంది, మందారమూ పత్తీ ఒకే కుటుంబం కదా. శనగపచ్చ పురుగు విషయంలో కూడా, బంతి వేసి వదిలేసి, దాని మీద చేరిన పురుగును ఏరి చంపకపోతే, చేను మధ్యలో మనమే పురుగును సాకినట్టు.

అన్నిటికన్నా ముఖ్యం అదను. పత్తి మొగ్గ తొడిగే వేళకు బంతి కూడా మొగ్గ మీద ఉండాలి. ముందే పూసి రాలినా, ఆలస్యమైనా పురుగు పత్తి దారే పడుతుంది. టమాటాకైతే బెంగళూరులోని భారత ఉద్యాన పరిశోధనా సంస్థ లెక్క కట్టి చెప్పింది: పదహారు సాళ్ళ టమాటాకు ఒక సాలు బంతి, నాటేనాటికి టమాటా నారు 25 రోజులది, బంతి నారు 45 రోజులది. పత్తి రైతుల్లో చాలామంది బంతి గింజను పత్తి గింజతోపాటే చేలో వేసేసి, పూత కలవలేదని మరుసటి ఏడు మానేస్తారు. పండుగ తిథి నుంచి వెనక్కి రోజులు లెక్కపెట్టి నారు పోసే అత్తలూ కోడళ్ళూ అదే ఇంట్లో ఉంటారు. వాళ్ళనెవరూ చేనికి పిలిచి అడగరు.