బొబొనాసా ఒడ్డున జోళ్ళ అడుగులు

1773 వేసవిలో ఫ్రాన్సు మధ్యప్రాంతంలోని సెంతమాన్ అనే చిన్న ఊరికి ఒక జంట కాపురానికి వచ్చింది. ఆయన ఆ ఊరివాడే. పాతికేళ్ళు నిండకముందు వెళ్ళినవాడు అరవై ఏళ్ళకు తిరిగొచ్చాడు. ఆమెకు నలభై అయిదు. తల నెరిసిపోయింది. పెళ్ళయి ముప్పై ఒక్క ఏళ్ళు. అందులో ఇరవై ఒక్క ఏళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఆమె దాచుకున్న వస్తువుల్లో ఒక ముతక నూలు లంగా ఉంది, ఒక జత జోళ్ళ అడుగులు ఉన్నాయి. పైతోలు లేదు, ఉత్త అడుగులే. ఆ జోళ్ళు ఆమె తోడబుట్టినవాడివి.

ఇసబెల్ గోడిన్ కథను ప్రేమకథగా చెప్పుకోవడం రివాజు. మొగుడి కోసం అమెజాన్ అడవి దాటి వచ్చిన ఇల్లాలు అంటారు. అబద్ధమేమీ కాదు. కానీ నేనెప్పుడు చదివినా నాకు అందులో ఒక ఇల్లు కూలిన చప్పుడే వినిపిస్తుంది.

భర్త జాన్ గోడిన్ దక్షిణ అమెరికాకు వెళ్ళింది భూమిని కొలవడానికి. భూగోళం ధ్రువాల దగ్గర నొక్కుకుపోయి ఉందా, సాగి ఉందా అన్న తగువు తేల్చుకు రమ్మని 1735లో పారిస్ సైన్సు అకాడమీ ఒక బృందాన్ని భూమధ్యరేఖకు పంపింది. లా కొండమీన్, బూగేర్, లూయీ గోడిన్ అందులో పెద్దలు. ఆ లూయీకి మన జాన్ బంధువు. గొలుసు లాగడం, గుర్తుకొయ్యలు పాతడం అతని పని. మన రెవెన్యూ భాషలో చైన్‌మన్. కొలతల మధ్యలోనే, 1741 డిసెంబరులో, క్విటోలో ఇసబెల్‌ను పెళ్ళాడాడు. ఆమెకు పదమూడేళ్ళు. తండ్రి గ్రాన్‌మెజాన్ స్పెయిన్ ఏలుబడిలో పనిచేసిన కలిగినవాడు. స్పానిష్‌తోపాటు ఆండీస్ ప్రజల కెచువా భాష కూడా ఆమెకు వచ్చు. ఆ కెచువా ఆమెను ఒకనాడు బతికిస్తుందని అప్పుడెవరికి తెలుసు?

పుట్టిన బిడ్డలు నిలవలేదు. ఫ్రాన్సులో జాన్ తండ్రి పోయాడని కబురొచ్చింది. తిరిగి వెళ్ళాలి. కొండలు దిగి, నదులు పట్టుకుని, ఖండాన్ని ఈ కొసనుంచి ఆ కొసకు దాటి, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న ఫ్రెంచి వలస కయెన్ చేరడమే దారి. భార్య మళ్ళీ గర్భిణి. ముందు నేను వెళ్ళి దారి చూసి, ఏర్పాట్లు చేసి, వచ్చి తీసుకెళ్తానన్నాడు. 1749 మార్చిలో బయల్దేరి 1750 ఏప్రిల్‌లో కయెన్ చేరాడు. అక్కడ ఆగిపోయాడు.

నది దిగడం ఒక ఎత్తు, ఎదురెక్కడం ఇంకో ఎత్తు. మధ్యలో అమెజాన్ పోర్చుగీసువాళ్ళది. వాళ్ళ అనుమతి లేకుండా ఫ్రెంచివాడు పైకి వెళ్ళలేడు. అర్జీ మీద అర్జీ పెట్టాడు. ఏళ్ళు గడిచాయి. విసిగి, 1763లో ఫ్రెంచి మంత్రి షువజేల్‌కు ఒక ఉత్తరం రాశాడు: అమెజాన్‌ను మనమే పట్టుకుందాం, ఎలాగో నేను చెబుతానని. ఈ కథలో మొదటి దెబ్బ నది కొట్టలేదు, ఆ ఉత్తరం కొట్టింది.

ఎందుకంటే 1765 అక్టోబరులో అనుకోని అదృష్టం తలుపు తట్టింది. పోర్చుగల్ రాజు ముప్పైమంది తెడ్లవాళ్ళతో ఒక పడవ పంపించాడు, ఈ గోడిన్‌ను ఎగువకు తీసుకెళ్ళి భార్యతో సహా వెనక్కి తెచ్చి దింపమని. పదహారేళ్ళుగా మొక్కుకున్న పడవ రేవులో నిలబడి ఉంటే జాన్‌కు గుండె జారింది. తన ఉత్తరం వాళ్ళ చేతిలో పడిందేమో, ఇది వలేమో! ఒంట్లో బాగాలేదన్నాడు, వాయిదా వేశాడు, చివరికి తన బదులు ఒక స్నేహితుణ్ణి ఉత్తరాలిచ్చి పంపాడు. ఆ పెద్దమనిషి దారిలో వ్యాపారంలో పడి ఉత్తరాలను ఎవరికో అప్పగించాడు. అవి ఇసబెల్‌కు చేరనే లేదు. పడవ మాత్రం ఎగువన ఏళ్ళ తరబడి ఎదురుచూసింది. ఆయన భయం నాకు అర్థమవుతుంది. క్షమించడమే కష్టం.

ఆండీస్ ఒళ్ళో రియోబాంబా అనే ఊళ్ళో ఉంటున్న ఇసబెల్‌కు పుకారుగా తెలిసింది, నీ కోసం ఎక్కడో పడవ వచ్చి ఉందట అని. నమ్మకస్తుడైన నల్లజాతి బానిస జోకిమ్‌ను నిజం తెలుసుకు రమ్మని పంపింది. మొదటిసారి దారిలోనే అడ్డుపడి వెనక్కి రావలసి వచ్చింది. రెండోసారి వెళ్ళి పడవను కళ్ళారా చూసి వచ్చాడు. ఈలోగా భర్త వెళ్ళిన మూడు నెలలకు పుట్టిన కూతురు పెరిగి పద్దెనిమిది దాటి మశూచితో చచ్చిపోయింది. తండ్రి ఆ పిల్ల మొహం ఎన్నడూ చూడలేదు. మన పల్లెల్లో అమ్మవారు పోసిందని భయభక్తులతో చెప్పుకునే ఆ జబ్బు ఈ కథలో ఇంకోసారి రాబోతోంది.

1769 అక్టోబరు 1న ఇసబెల్ బయల్దేరింది. ఇద్దరు తోడబుట్టినవాళ్ళు, వాళ్ళలో ఒకరి చిన్న కొడుకు, ముగ్గురు పనికత్తెలు, జోకిమ్, దారిలో వైద్యం చేస్తానని కలిసిన ఒక ఫ్రెంచివాడు, అతని మనుషులు, బరువులు మోయడానికి 31 మంది ఇండియన్లు, అంటే అక్కడి ఆదివాసులు. తండ్రి దాదాపు నెల ముందే వెళ్ళి, ఊరూరా దోనెలు సిద్ధం చేయించే పని పెట్టుకున్నాడు. చింబొరాసో మంచుకొండను వెనక వదిలి, వానలో, బురదలో, కొండవాలు దిగి బొబొనాసా ఒడ్డున ఉన్న కనేలోస్ చేరారు. అక్కడినుంచి నీటిదారి.

కనేలోస్‌లో మనుషులు లేరు. తండ్రి దాటినప్పుడు నిండుగా ఉన్న ఊరు. యూరపువాళ్ళు ఆ ఖండానికి మోసుకొచ్చిన మశూచి ఈ మధ్యలో వచ్చి ఊరిని ఊడ్చేసింది. మిగిలినవాళ్ళు అడవిలోకి పారిపోయారు. అది చూసి మోతగాళ్ళు 31 మందీ వెనక్కి తిరిగి వెళ్ళిపోయారు. కూలి ముందే తీసుకున్నారని జాన్ తర్వాత ఎత్తిపొడిచాడు. నాకు వాళ్ళ మీద కోపం రాదు. వాళ్ళు కొండవాళ్ళు, దోనెను దూరంనుంచి చూడటమే తప్ప ఎక్కి ఎరగరు. శవాల ఊళ్ళోనుంచి నీళ్ళలోకి దిగమంటే ఎవరు దిగుతారు?

ఊళ్ళో ప్రాణాలతో ఉన్న ఇద్దరు మనుషులు దొరికారు. దోనె సిద్ధం చేశారు, రెండు రోజులు నడిపారు, మూడో పొద్దుకి కనిపించలేదు. తెడ్డు తెలిసినవాడు లేని దోనె మళ్ళీ దిగువకు సాగింది. ఒడ్డున ఒక పాకలో, జబ్బునుంచి అప్పుడప్పుడే కోలుకుంటున్న ఒకతను చుక్కాని పట్టడానికి ఒప్పుకున్నాడు. అతనికి నది తెలుసు. కానీ మూడో రోజున వైద్యుడి టోపీ గాలికి నీళ్ళలో పడింది. దాన్ని అందుకోబోయి చుక్కాని పట్టినవాడు జారాడు. నీరసించిన ఒళ్ళు, ఒడ్డు చేరలేకపోయాడు. ఒక టోపీ కోసం!

ఈ కథంతటిలో నేను ఆగిపోయేది అక్కడ. తర్వాత జరిగిందంతా అతను మునిగినచోటే మొదలైంది. కాసేపటికే దోనెలోకి నీళ్ళు చేరాయి, ఒడ్డుకు లాగి పాక వేసుకున్నారు. అండోవాస్ మిషన్ ఇంకా అయిదారు రోజుల దూరం. నేను ముందు వెళ్ళి పదిహేను రోజుల్లో దోనె, మనుషులు పంపిస్తానని వైద్యుడు బయల్దేరాడు. జోకిమ్‌ను వెంట తీసుకెళ్ళాడు. తన సామానంతా కూడా పట్టుకెళ్ళాడు. ఆ ఒక్క సంగతి చూసైనా ఇసబెల్ అనుమానించి ఉండాల్సింది. పదిహేను రోజులైంది. ఇరవై అయ్యాయి. ఇరవై అయిదో రోజు వరకు నది మలుపు వైపే చూపు.

ఇక దుంగలు కట్టి తెప్ప చేశారు. కట్టడం రాదు, నడపడం అంతకన్నా రాదు. నీటిలో మునిగి ఉన్న కొమ్మకు తగిలి తెప్ప తిరగబడింది. సామాను, తిండి నీళ్ళపాలు. ఇసబెల్ రెండుసార్లు మునిగింది. తోడబుట్టినవాళ్ళే లాగి పైకి తెచ్చారు. అక్కడ నది ఇరుకు కాబట్టి అందరూ ఒడ్డున పడ్డారు.

ఇప్పుడు అలాంటి నదుల మీదికి జంటలు సరదాగా వెళ్తున్నారు. గాలి నింపిన పలక, దానిమీద నిలబడి వేసే పొడుగు తెడ్డు, ఒంటికి లైఫ్ జాకెట్. వాళ్ళకు నేర్పేవాళ్ళు గట్టిగా చెప్పే జాగ్రత్తల్లో ఒకటి నీటిలో పడి ఉన్న చెట్ల గురించి. కొమ్మల సందునుంచి నీళ్ళు వెళ్ళిపోతాయి. మనిషిని మాత్రం ప్రవాహం కొమ్మలకేసి అదిమి పట్టేస్తుంది. అందుకే పారే నీటిలో పలక తాడును కాలికి కట్టుకోవద్దని, ఒక్క లాగుకు ఊడిపోయేలా నడుముకు కట్టుకోమని చెబుతారు. బొబొనాసా ఒడ్డున పుట్టినవాడికి ఆ పాఠం ఎవరూ చెప్పనక్కర్లేదు. అలాంటి మనిషి ఒక్కడు కూడా ఆ తెప్ప మీద లేడు.

ఇక నడక. ఒడ్డంతా తీగలు, పొదలు. కత్తితో కొట్టుకుంటూ పోవాలి. నది మెలికలు తిరిగేకొద్దీ దారి పెరుగుతోంది. అడ్డదారిన కోసుకుపోదామని నదిని వదిలి అడవిలోకి దిగారు. నది మళ్ళీ దొరకలేదు. కాళ్ళకు ముళ్ళు, తిండి లేదు, దాహం. డిసెంబరు ఆఖరి వారంలో ఒకచోట కూలబడ్డారు. లేవలేకపోయారు. మూడు నాలుగు రోజుల్లో ఒకరి తర్వాత ఒకరు. ఆ పిల్లవాడు, ఇద్దరు తోడబుట్టినవాళ్ళు, పనికత్తెలు. ఇసబెల్ తప్ప ఎవరూ మిగల్లేదు.

శవాల పక్కన రెండు రోజులు పడి ఉంది, స్పృహ ఉండీ లేక. తర్వాత లేచింది. బట్టలు పీలికలు, కాళ్ళకు ఏమీ లేవు. చనిపోయిన తోడబుట్టినవాడి జోళ్ళు కోసి, అడుగులు తన పాదాలకు కట్టుకుంది.

నలుడు చీకట్లో వదిలి వెళ్ళిన దమయంతి మన పిల్లలకు కూడా తెలుసు. ఆమెకు అరణ్యంలో బాటసారుల గుంపు ఎదురైంది. ఇసబెల్‌కు ఎనిమిది తొమ్మిది రోజులు ఎవరూ ఎదురవలేదు. అడవిపండ్లు, ఏవో పిట్ట గుడ్లు, గుటక పడని గొంతు. జుట్టు ఆ రోజుల్లోనే నెరిసిందంటారు. ఒక తెల్లవారుజామున నీటి చప్పుడు వినిపించింది. ఒడ్డుకొచ్చింది. కొంత దూరంలో మనుషుల అలికిడి. భయపడి మళ్ళీ అడవిలోకి పరుగెత్తి, ఇంతకన్నా ఏమవుతుందిలే అనుకుని ఆగింది. ఇద్దరు ఇండియన్లు దోనెను నీళ్ళలోకి తోస్తున్నారు. కెచువాలో పలకరించింది. అండోవాస్‌కు తీసుకెళ్ళమంది.

వాళ్ళు కనేలోస్‌వాళ్ళు. మశూచికి భయపడి, ఆడవాళ్ళతో సహా అడవిలోకి పోయి తలదాచుకున్నవాళ్ళు. పాడుబడిన ఆ ఊరి మనుషులే ఆమెను కాపాడారు. అండోవాస్‌లో ఆమె మెడలోని రెండు బంగారు గొలుసులు తీసి వాళ్ళకిచ్చింది. అక్కడి మిషన్ గురువు ఆమె ఎదుటే వాటిని లాక్కుని, బదులుగా మూడు నాలుగు గజాల ముతక గుడ్డ చేతిలో పెట్టాడు. ఇసబెల్ ఆ ఊళ్ళో ఇక నిలవలేదు. దోనె అడిగి వెళ్ళిపోయింది. దిగువన లగూనా మిషన్‌లో ఆరు వారాలు కోలుకున్నాక, ఇక రియోబాంబాకు తిరిగి వెళ్ళమని అక్కడి పెద్ద చెప్పి చూశాడు. వినలేదు.

జోకిమ్ మాట తప్పలేదు. మనుషులతో ఎదురువచ్చి, పాక ఖాళీగా ఉంటే అడుగుజాడలు పట్టుకుపోయి, కుళ్ళిన శవాలు చూసి, అమ్మగారు కూడా పోయిందనుకుని వెనుదిరిగాడు. ఆమె బతికి వచ్చేసరికి వైద్యుడు అతన్ని క్విటోకు పంపేశాడు. ఎందుకని అడిగితే, నన్ను చంపుతాడేమోనని భయమేసిందన్నాడట. ఆ బానిస తర్వాత ఏమయ్యాడన్నది ఎవరికీ పట్టలేదు.

1770 జూలైలో, ఇన్నేళ్ళుగా కాచుకుని ఉన్న ఆ పడవలోనే, భార్యాభర్తలు కలుసుకున్నారు. ఆమె అరణ్యం గురించి మాట్లాడదలచుకోలేదు. మాటలు ఆయన కొంచెం కొంచెంగా రాబట్టి, 1773 జూలైలో లా కొండమీన్‌కు రాసిన ఉత్తరంలో పెట్టాడు. ఈ కథ మనకు మిగిలింది అందులోంచే. ఇద్దరూ 1792లో కొద్ది నెలల తేడాతో పోయారు. అయిదేళ్ళకు భూకంపం రియోబాంబాను కూల్చేసింది. ఊరిని వేరేచోట కట్టుకున్నారు. బొబొనాసా మాత్రం ఖాళీ కాలేదు. దాని ఒడ్డున సరయాకు కిచువా ప్రజలు ఇప్పటికీ ఉన్నారు. తమను అడగకుండా తమ నేలమీద చమురు వెతికించినందుకు ఈక్వడార్ ప్రభుత్వం మీద 2012లో అమెరికా ఖండాల మానవ హక్కుల న్యాయస్థానంలో గెలిచారు.

ఆ లంగా సంగతి మిగిలింది. గురువు ఇచ్చిన గుడ్డ కాదది. అండోవాస్‌లో ఒక ఇండియన్ స్త్రీ ఇసబెల్ కోసం కుట్టి ఇచ్చింది. డబ్బు తర్వాత పంపింది ఇసబెల్. జాన్ తన ఉత్తరంలో జోళ్ళ అడుగుల గురించి రాశాడు, లంగా గురించి రాశాడు, గొలుసుల బరువు ఎంతో కూడా రాశాడు. కుట్టిన మనిషి పేరు రాయలేదు.