వేడికి ఆగే ఇంజను: నింద చేతులు మారిన వైనం

ఎండాకాలంలో బాగా కాగిన ఇంజను నడిరోడ్డు మీద ఆగిపోయి, కాసేపు చల్లారాక ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టు కావడం కార్లకు పాత జబ్బే అయినా, దానికి ఏ భాగాన్ని నిందించాలన్నది మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. కార్బురేటర్ రోజుల్లో నింద పెట్రోలు మీద పడేది. ఇంజనుకే బిగించిన పంపు దూరాన ఉన్న ట్యాంకు నుంచి పెట్రోలును పీల్చుకునేది కనుక, గొట్టంలో పీడనం తగ్గి, దానికి ఇంజను సెగ తోడై, పెట్రోలు ఆవిరి బుడగలుగా మారి ప్రవాహానికి అడ్డుపడేది. దీనినే వేపర్ లాక్ అన్నారు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ కప్పేవారు. జబ్బు అక్కడే ఉండేది కాబట్టి ఆ వైద్యం పనిచేసేది కూడా.

1967లో జర్మనీకి చెందిన బాష్ సంస్థ డీ-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పద్ధతిని ఫోక్స్‌వ్యాగన్ కార్లలో ప్రవేశపెట్టాక పరిస్థితి మారింది. విద్యుత్ పంపు పెట్రోలును సుమారు 2 బార్ల ఒత్తిడితో తోసి, మిగిలినదాన్ని తిరిగి ట్యాంకుకు పంపడం వల్ల బుడగల బెడద చాలావరకు తగ్గింది. అయితే వేడి వదిలిపెట్టిన పెట్రోలు స్థానంలో వైర్లు, టంకాలు, సెన్సార్లు దానికి చిక్కాయి. మెకానిక్కుల అనుమానం మాత్రం చాలాకాలం పంపు చుట్టూనే తిరిగింది.

ఈ పొరపాటుకు అమెరికాలోని ఫోర్డ్ ఉదంతం ప్రసిద్ధమైన ఉదాహరణ. 1980లలో ఆ సంస్థ తన కార్లలో థిక్ ఫిల్మ్ ఇగ్నిషన్ మాడ్యూల్‌ను, అంటే పింగాణీ పలక మీద అచ్చువేసిన సర్క్యూట్‌తో కాయిల్‌కు విద్యుత్తు ఇస్తూ, ఆపుతూ స్పార్క్ పుట్టించే పరికరాన్ని, వేడెక్కే డిస్ట్రిబ్యూటర్‌కే బిగించింది. అది కాగినప్పుడు స్పార్క్ ఆగేది. బండి షెడ్డుకు చేరేలోపు చల్లబడి, పరీక్షల్లో లోపం కనిపించేది కాదు. వ్యాజ్యం కాలిఫోర్నియా కోర్టుకు చేరగా, 2000లో న్యాయమూర్తి సుమారు 17 లక్షల వాహనాలను వెనక్కి పిలవాలని ఆదేశించారు. మరుసటి ఏడాది రాజీ కుదిరింది. లోపం ఉన్నదా లేదా అన్నదానికంటే, అది వేడిలోనే ఉంటుందని ఒప్పుకోవడానికి పట్టిన కాలమే ఇక్కడ గమనించదగినది.

భారతదేశంలో 2000 ఏప్రిల్ నుంచి యూరో-1 స్థాయి కాలుష్య నిబంధనలు దేశమంతటా అమలులోకి రావడంతో కార్బురేటర్ క్రమంగా తప్పుకొని, ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ ఉండే ఎంపీఎఫ్ఐ కార్లు పెరిగాయి. లోపాన్ని కారే గుర్తించి కోడ్ రూపంలో నమోదు చేసుకునే ఓబీడీ వ్యవస్థ మాత్రం 2010లో వచ్చిన భారత్ స్టేజ్-4 (బీఎస్-4) కాలుష్య నిబంధనలతో గాని తప్పనిసరి కాలేదు. నడుమ పదేళ్ల కార్లకు నేటికీ చెవి, చేయి, మల్టీమీటరే దిక్కు. బండి ఆగిన ఆ క్షణంలోనే తాళం తిప్పి, పంపు ఒకటి రెండు సెకన్లు గుయ్యిమంటున్నదో లేదో వినాలి. ఆ చప్పుడే లేకపోతే పంపుకు విద్యుత్తు అందించే రిలే లోపలి టంకం వేడికి విచ్చిందేమో చూడాలి. పంపు పలికి స్పార్క్ లేకపోతే, ఇంజను తిరుగుడును కంప్యూటర్‌కు తెలిపే క్రాంక్ సెన్సార్ మీదికి అనుమానం పోతుంది. కాయిల్ రకం సెన్సార్ చల్లగా ఉన్నప్పుడు మీటరు మీద కొన్ని వందల ఓమ్‌ల నిరోధం చూపి, కాగినప్పుడు లోపలి తీగ ఎడబాసి అసలు అంకే చూపకపోవచ్చు. అప్పుడు దాని మీద చన్నీళ్లు పోయగానే ఇంజను అందుకుంటే, మార్చవలసింది ఆ సెన్సార్‌నే.