హద్బా మినారు: ఇటుకలు, ఛాయాచిత్రాలు, నమూనాలు

మోసుల్ ప్రజలు తమ జామె నూరీ మసీదు మినారును 'అల్ హద్బా' అని పిలుచుకుంటారు. అరబీలో ఆ మాటకు 'గూని గలది' అని అర్థం. తెలుగులో 'వాలిన మినారు' అంటే మర్యాదగా ఉంటుంది గాని, గూనిలో ఉన్న చనువు వాలులో లేదు. దైవప్రవక్త (స) మేరాజ్ ప్రయాణంలో ఆ మీదుగా సాగిపోతుండగా మినారు వినయంతో వంగిందని ఒక జనశ్రుతి. మేరాజ్ తరువాత అయిదు శతాబ్దాలకు గాని ఆ మినారు పుట్టలేదన్న సంగతి పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

నూరుద్దీన్ జంగీ ఆజ్ఞతో హి. 568 (క్రీ.శ. 1172-73) నాటికి ఈ మసీదు పూర్తయింది. మినారు ఎత్తు సుమారు 45 మీటర్లు. ఇటుకలనే అల్లికల్లా పేర్చి దాని ఒంటినిండా అలంకారాలు తీర్చారు. దాన్ని నిలబెట్టే ఉపాయం కోసం యునెస్కో 2012లో అధ్యయనానికి పూనుకుంది. 2014లో నగరం దాయిష్ ముఠా వశమైంది. 2017 జూన్ 21న, రమజాన్ మాసంలో, ఆ ముఠా మసీదును మందుపాతరలతో పేల్చివేసింది. మినారు అడుగు భాగం మాత్రం మిగిలింది.

పోయిన కట్టడాన్ని కంప్యూటరులో తిరిగి నిలిపే పద్ధతి వినడానికి వింతగా ఉన్నా, దాని సూత్రం సులభమే. ఒకే గోడను వేర్వేరు చోట్ల నుంచి తీసిన ఫోటోలు అనేకం ఉంటే, వాటిలో కనిపించే ఒక్కొక్క బిందువు స్థానాన్ని లెక్కకట్టవచ్చు. లేజర్ కిరణాన్ని పంపి, అది తిరిగివచ్చే తీరును బట్టి దూరం కొలవడం మరొక మార్గం. 2015లో మోసుల్ మ్యూజియం ధ్వంసమైనప్పుడు కొందరు స్వచ్ఛందంగా సందర్శకుల ఫోటోలు పోగుచేసి, విరిగిన శిల్పాల నమూనాలు తయారుచేశారు.

అయితే ఫోటో అందని వైపు సంగతేమిటి? అక్కడ ఊహ ప్రవేశిస్తుంది. తెరమీద చూస్తే ఊహకూ కొలతకూ ఒకే మెరుపు! ఏ భాగం ఏ ఆధారంతో వచ్చిందో నమోదు చేయాలని 2009 నాటి లండన్ చార్టర్ కోరుతుంది. ఇస్నాద్ లేని రివాయత్‌ను స్వీకరించని సంప్రదాయంలో చదువుకున్న మనకు ఈ నియమం కొత్తది కాదు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. 2017లో కూలిన ప్రార్థనామందిరంలో చాలా భాగం 1940లలో పాతదాన్ని పడగొట్టి కట్టినదే. ఛాయాచిత్రాలలో ఎక్కువగా దొరికేదీ ఆ రూపమే. నూరుద్దీన్ నాటి మసీదును చూపే నమూనా ఏ ఫోటో నుంచి రావాలి? దానికి జవాబు కొంతవరకు నేలలోనే ఉంది. తవ్వకాలలో మందిరం అడుగున పన్నెండవ శతాబ్దపు గదులు నాలుగు బయటపడ్డాయి. వుజూ కోసం వాడినవై ఉంటాయని 2022లో ప్రకటించారు.

శిథిలాల నుంచి ఏరిన పాత ఇటుకలు నలభై అయిదు వేలకు పైమాటే. 2025 సెప్టెంబరు 1న మసీదుకు మళ్ళీ ప్రారంభోత్సవం జరిగింది. మినారును తిరిగి కట్టినవారు దాని గూనిని సరిచేయలేదు.