ఇరవై నాలుగు గంటల సమయం: పిల్లలకు మార్పిడి నేర్పడం

ఇరవై నాలుగు గంటల పద్ధతి అంటే రోజును అర్ధరాత్రి 00:00 నుంచి 23:59 వరకు ఒకే వరుసలో లెక్కించే విధానం. సార్వత్రిక దినాన్ని అర్ధరాత్రి మొదలుపెట్టి 24 గంటల దాకా లెక్కించాలని 1884లో వాషింగ్టన్‌లో జరిగిన అంతర్జాతీయ మెరిడియన్ సమావేశం తీర్మానించింది. భారతీయ రైల్వే టైంటేబుళ్లు, టికెట్లు ఈ పద్ధతినే పాటిస్తాయి. బడిపిల్లలకు దీన్ని నేర్పడానికి రైలు టికెట్టును మించిన బోధన సామగ్రి అరుదు.

మధ్యాహ్నం 1:00 నుంచి రాత్రి 11:59 వరకు గంటలకు 12 కలపాలి, నిమిషాలు మారవు: సాయంత్రం 5:40 అంటే 17:40. తిరుగు మార్పిడికి 12 తీసివేయాలి. 17లోంచి సులువుగా తీసేసే పిల్లలే 20:05, 21:15 దగ్గర తడబడతారు, అక్కడ తీసివేతలో అప్పు తెచ్చుకోవాలి గనుక. ముందు 10, తర్వాత 2 తీసివేయిస్తే ఆ చిక్కు పోతుంది.

అసలు కష్టం పన్నెండు దగ్గర. మధ్యాహ్నం పన్నెండున్నర 12:30గానే ఉంటుంది. అర్ధరాత్రి దాటాక పన్నెండున్నర మాత్రం 00:30. ‘రాత్రి ఒంటిగంట’ అనే వాడుక వల్ల పిల్లలు 12 కలిపి 13:00 అని రాసే ప్రమాదం ఉంది, సరైనది 01:00.

తేదీ కూడా గమనించాలి. 15వ తేదీ 00:20కి బయలుదేరే రైలు కోసం 14వ తేదీ రాత్రే స్టేషన్‌కు చేరాలి.