చెరువు నీటి నలుసులు – వాటి చరిత్ర

వేసవి కడపటి దినములలో చోడవరము పరిసరములందలి ఎండిన చెరువు గర్భమున నడచిపోవువారికి అందు ప్రాణమున్నదని తోచదు. మట్టి పగిలి పలకలు తేరియుండును. తొలకరి వానలు కురిసి, అదే చెరువులో మోకాలిలోతు నీరు చేరిన వారము పదిదినములకు ఒక గాజుగ్లాసుతో ఆ నీటిని ముంచి వెలుతురున కెదురుగా పట్టి చూడుడు. తెల్లని నలుసులు కొన్ని కుదుపులతో ఎగిరెగిరి పడుచుండును. కొన్ని తిన్నగా జారిపోవుచుండును. దుమ్మైనచో కొంతసేపటికి అడుగునకు దిగవలెను. ఇవి దిగవు. ఇవియే జంతు ప్లవకములు. వీటిలో ముఖ్యమైన తెగలు నాలుగు: తలపై రోమములను చక్రమువలె త్రిప్పు రోటిఫర్లు, మొయినా, డాఫ్నియా మున్నగు క్లాడోసిరనులు, సైక్లాప్స్ వంటి కోపిపాడ్లు, ఆల్చిప్పవంటి పెంకులలో దాగియుండు ఆస్ట్రకాడులు. రోటిఫర్లు తప్ప తక్కినవన్నియు రొయ్యలకు దూరపు బంధువులు.

ఈ నలుసులను మనుష్యుడు మొదట వింతగా చూచెను. పిమ్మట శత్రువుగా చూచెను. కడపట నీటి మంచిచెడ్డలను చెప్పగల సాక్షిగా గుర్తించెను. ఇందుకు రెండువందల సంవత్సరములకు పైగా పట్టినది.

1674లో హాలెండు దేశపు డెల్ఫ్ట్ నగరమున గుడ్డల వర్తకుడైన లీవెన్‌హుక్ తన ఊరికి రెండు గంటల ప్రయాణదూరమున నున్న బెర్కెల్స్ సరస్సునుండి కొంచెము నీరు తెచ్చెను. శీతకాలమున తేటగా నుండు ఆ నీరు వేసవిలో తెల్లబడి, అందు పచ్చని మబ్బులు తేలుచుండెడివి. అది మంచు కురియుటవలన కలుగు మార్పని అచటి పల్లెవారు చెప్పుకొనిరి. ఆయన ఆ మాటతో తృప్తిపడక, తాను స్వయముగా అరగదీసిన కటకముక్రింద ఒక బొట్టు నుంచి చూచి, అందు పచ్చని పోగులను, పరుగిడు చిన్న ప్రాణులను కనుగొని లండనులోని రాయల్ సొసైటీకి వ్రాసెను. 1702లో ఆయన చేసిన మరొక పరీక్ష మన ఎండు చెరువునకు మరింత దగ్గరది. ఇంటి కప్పుప్రక్క సీసపు కాలువలో ఎండిపోయిన మడ్డిని దాచి, కొంతకాలము తరువాత నీరు పోయగా, అందలి చక్రజీవులు మరల ఈదసాగినవి!

అయితే చెరువు ప్రాణులలో చాలభాగము ఇట్లు శరీరముతోనే ఎండి బ్రతుకునవి కావు. ఎండకాలము సమీపించినపుడు అవి గట్టి పెంకుగల గ్రుడ్లను పెట్టి చనిపోవును. డాఫ్నియా గ్రుడ్లు జీను ఆకారముగల ఒక చిన్న పెట్టెలో భద్రముగా నుండును. నార్వే దేశీయుడగు జి. ఓ. సార్స్ ఆస్ట్రేలియానుండి తనకు వచ్చిన ఎండుమట్టిని నీటిలో నానవేసి, అందుండి పుట్టిన క్లాడోసిరనులను 1885లో వర్ణించెను. సముద్రములు దాటి వచ్చిన మట్టిగడ్డ ఆయన గదిలోని గాజుపాత్రలో మరల చెరువైనది. ఆ ప్రయోగమునకు కావలసినది ఒక దోసెడు చెరువుమట్టి, ఒక సీసా, వాననీరు, ఓపిక మాత్రమే. మన పాఠశాలలలో దీనిని చేసి చూపువారు అరుదుగా నుండుట విచారకరము.

నీటితో తేలిపోవు ఈ ప్రాణిసమూహమునకు ప్లాంక్టన్ అను పేరు 1887లో జర్మను శాస్త్రజ్ఞుడు విక్టర్ హెన్సెన్ పెట్టెను. గ్రీకు భాషలో దానికి తిరుగాడునది అని అర్థము. మనవారు దానిని ప్లవకమని అనువదించిరి. పిండిమరలలో జల్లెడకు వాడు పట్టుగుడ్డతో వల కుట్టి, ఇంత నీటిలో ఇన్ని ప్రాణులని లెక్కించు పద్ధతిని ఆయనయే స్థిరపరచెను. లెక్క వచ్చినతరువాతనే ఇది శాస్త్రమైనదని నా అభిప్రాయము.

ఇక శత్రుత్వపు కథ. నారికురుపు పేరు ఈనాటి విద్యార్థులు వినియుండరు గాని, వారి తాతలు ఎరుగుదురు. కాలిపై బొబ్బ లేచి పగిలి, అందుండి నారపోగువంటి పొడవైన పురుగు దినదినము కొంచెముగా వెలువడెడిది. దానిని పుల్లకు చుట్టి మెల్లగా లాగుచు వారములకొలది రోగి మంచము పట్టెడివాడు. ఈ పురుగు మనుష్యునిలో ఎట్లు ప్రవేశించుచున్నదో చిరకాలము తెలియలేదు. 1870లో రష్యా దేశీయుడగు ఫెద్చెంకో తుర్కిస్తానమున దాని పిల్లలు సైక్లాప్స్ శరీరములో పెరుగుటను కనుగొనెను. అప్పటికాయన వయస్సు ముప్పదిలోపే. మూడేండ్లకే ఆల్ప్స్ పర్వతములలో మంచుగాలికి చిక్కి మరణించెను.

రోగి మంట చల్లార్చుకొనుటకు దిగుడుబావిలో కాలు పెట్టును. పురుగు వేలకొలది పిల్లలను నీటిలో విడుచును. సైక్లాప్స్ వాటిని మ్రింగును. రెండు వారములు గడచిన పిదప ఆ నీటిని త్రాగినవాని కడుపులో సైక్లాప్స్ చచ్చి, పురుగుపిల్ల బయటపడును. ఒక సంవత్సరమునకు అది కాలివద్ద మరల తల చూపును. ఈ వలయమును ఎచ్చట త్రెంపినను రోగము పోవలసినదే. మన దేశమున 1983–84లో జాతీయ నిర్మూలన కార్యక్రమము ఆరంభమైనది. రోగము పాతుకొనిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 1984లో దేశమంతట సుమారు 40,000 మంది రోగులు లెక్కకు వచ్చిరి. దిగుడుబావులను చేదబావులుగ మార్చిరి, సైక్లాప్స్‌ను చంపుటకు టెమిఫాస్ అను మందు చల్లిరి, నీటిని గుడ్డతో వడగట్టుకొనుమని ఇంటింట చెప్పిరి. 1996 జూలైలో రాజస్థానమునందు కనబడిన రోగియే చివరివాడు. 2000 ఫిబ్రవరిలో భారతదేశము నారికురుపునుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ధ్రువీకరించెను. టీకా లేదు, తగిన మందు లేదు. ఒక నలుసు నడవడి తెలియుటవలననే ఇంత పని జరిగినది.

గుడ్డ మాట వచ్చినది గనుక మరొకటి చెప్పవలెను. కలరా క్రిములు కోపిపాడ్ల శరీరములను అంటిపెట్టుకొని యుండునని రీటా కోల్‌వెల్, అన్వర్ హక్ మొదలగువారు 1980 ప్రాంతమున చూపిరి. విడిగా తిరుగు క్రిమి ఏ గుడ్డలోనుండి యైనను దూరిపోవును. కాని అది ఎక్కిన వాహనము దూరలేదు. బంగ్లాదేశమునందలి మత్లబ్ గ్రామములలో స్త్రీలు పాతచీరను కనీసము నాలుగు మడతలు వేసి నీరు వడగట్టగా, కలరా 48 శాతము తగ్గినదని 2003లో ప్రకటించిరి. క్రొత్త గుడ్డకంటె పలుమార్లు ఉతికిన పాతగుడ్డయే మేలట. పోగులు మెత్తబడి వాటి నడిమి సందులు ఇరుకగును. బిందె మూతికి గుడ్డ కట్టు మన అవ్వలు క్రిమిని ఎరుగరు గాని, పని సరిగానే చేసిరి.

సాక్షులుగా వీటిని పిలిచినవారు జర్మనీకి చెందిన కోల్క్‌విట్జ్, మార్సన్ అనువారు. మురుగు కలిసిన నదిలో దిగువకు పోవుకొలది నీరు క్రమముగ బాగుపడును. ప్రతి మెట్టులోను కొన్ని ప్రత్యేక ప్రాణులుండును. 1908లో మొక్కలకు, 1909లో జంతువులకు వారు జాబితాలు ప్రకటించిరి. రసాయన పరీక్ష ఆ గడియలోని నీటి స్థితిని మాత్రమే చెప్పును. ఉదయము తీసిన నీటిలో ఆమ్లజని తక్కువగాను, అదే చెరువున మధ్యాహ్నము ఎక్కువగాను కనబడవచ్చును. ప్రాణులు కొన్ని వారములుగ ఆ నీటిలో పుట్టి పెరిగి నిలిచినవి కనుక గడచిన కాలమునుగూడ చెప్పును.

భారతదేశపు రోటిఫర్లను గూర్చి మొదటి వ్యాసము 1889లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో ఆండర్సన్ వ్రాసెను. దక్షిణాదిని ఎస్. వి. గణపతి 1943లో జంతు ప్లవకములతో నిండిన ఒక తోటకుంటను గూర్చి వ్రాసెను. ఆంధ్రప్రదేశపు రోటిఫర్లను ధనపతిగారు 1974నుండి వరుస వ్యాసములలో వర్ణించి, 2000లో దేశపు రోటిఫర్లన్నిటికి వర్గీకరణ గ్రంథము వెలువరించిరి. కోపిపాడ్లలో నాగార్జున విశ్వవిద్యాలయపు వై. రంగారెడ్డిగారి గ్రంథము 1994లో హాలెండునుండి వెలువడి, ఇతర దేశములవారికి కూడ ఆధారమైనది. ప్రాణికి సరియైన పేరు తెలియనిచో లెక్కకు విలువ లేదు గనుక ఈ ఓపికగల పనిని మొదట తలచుకొనుట న్యాయము.

లెక్క ఎట్లు చేయుదురు? 1948లో షానన్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు టెలిఫోను సందేశముల కొరకు కనుగొనిన సూత్రమునే జీవశాస్త్రజ్ఞులు అరువు తెచ్చుకొనిరి. రెండు చెరువులను ఊహింపుడు. రెంటిలోను 1000 ప్రాణులే. మొదటిదానిలో పది జాతులు, జాతికి నూరు చొప్పున నున్నవి. దాని సూచిక 3.32. రెండవదానిలో మూడే జాతులు. అందొకటి 900, తక్కినవి ఏబదేసి. దాని సూచిక 0.57. సంఖ్య సమానమైనను, రెండవ చెరువులో ఏదో కీడు మూడినదని అనుమానింపవలెను. పొలములనుండి నత్రజని, భాస్వరము కొట్టుకొనివచ్చినపుడు, పశువులను కడిగినపుడు, మురుగు చేరినపుడు నాచు పెరుగును. రాత్రివేళ ఆమ్లజని పడిపోవును. ఓర్వలేని జాతులు తొలగగా, ఓర్చుకొను ఒకటి రెండు జాతులు గుంపులుగ పెరుగును. బ్రాకియోనస్ అను రోటిఫర్ అట్టిది. ఆమ్లజని తగ్గిన నీటిలో మొయినా ఎర్రబడును. దాని రక్తమున హీమోగ్లోబిను పెరుగుటయే అందుకు కారణము.

చెకొస్లొవేకియాకు చెందిన స్లాడెచెక్ 1983లో మరింత సులభమైన కొలత చెప్పెను. బ్రాకియోనస్ జాతుల సంఖ్యను ట్రైకోసెర్కా జాతుల సంఖ్యచే భాగింపవలెను. ఒకటికి లోపైనచో పోషకములు తక్కువగల నీరు. రెండు మించినచో మితిమీరినవి. కాని ఇది చల్లని దేశములో పుట్టిన కొలత. వెచ్చని మన నీళ్ళలో బ్రాకియోనస్‌లు సహజముగనే ఎక్కువ. కనుక ఈ అంకె ఒక్కదానినే చూచి చెరువునకు శిక్ష వేయరాదు. చేపపిల్లలను వదలిన చెరువులోను పెద్ద క్లాడోసిరనులు మాయమగును. అది మురికివలన గాదు. చేపలు పెద్దవాటిని ముందు ఏరి తినుటవలన.

చోడవరము చెరకు సీమ. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నము జిల్లాలో నుండి, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో చేరినది. ఈ ప్రాంతమునకు సమీపముననే శారదానదిపై గల రైవాడ జలాశయపు నీరు పొలములకేగాక విశాఖ నగరవాసుల కొళాయిలకును పోవుచున్నది. అందుచే ఈ నలుసుల లెక్క ఒక ఊరి చెరువు ముచ్చట కాదు. సన్నని గుడ్డవల, కొలతపాత్ర, సామాన్యమైన సూక్ష్మదర్శిని ఉన్న ఉన్నత పాఠశాల ఈ పని చేయవచ్చును. ప్లవకములు రాత్రి పైకి, పగలు లోతునకు పోవును గనుక నీటిని ఎల్లపుడు ఒకే వేళకు, ఒకే చోట ముంచవలెను. చెరువులోనికి మొదటి నీరు వచ్చిన దినమును పుస్తకములో వ్రాసికొని అచటినుండి వారమువారము లెక్కింపుడు. సాధారణముగ రోటిఫర్లు ముందు కనబడును, క్లాడోసిరనులు తరువాత వచ్చును. మీ చెరువులో ఈ వరుస తారుమారైనచో ఆ తేదీ ప్రక్కన, ఆ వారము చెరువులోనికి ఏమి వచ్చి చేరినదో గూడ వ్రాసియుంచుడు.